దీమం పావురం

మా పేరు చెప్పగానే ఎదుటివాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది: 'తెలుగు ఇంత బాగా ఎట్లా మాట్లాడుతున్నారు?' రెండోది కొంచెం చనువు పెరిగాక వస్తుంది. 'మీ ఇండ్లల్ల చిన్నప్పట్నుంచే కత్తి పట్టుడు నేర్పిస్తరంట, నిజమేనా?' మొదటిదానికి నవ్వి ఊరుకుంటాం. రెండోదానికి జవాబు చెప్పాలంటే మా అబ్బా గురించీ, ఆయన టోపీదార్ బందూకు గురించీ, మా అరుగు మీద గంప కింద పెరిగిన పావురం గురించీ చెప్పాలి. అంత ఓపిగ్గా వినేవాళ్లు దొరక్క ఇన్నాళ్లు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాం.

ఆ పావురాన్ని మా ఇంట్లో దీమం అనేవాళ్లు. అడవి పిట్టల్ని రప్పించడానికి వేటగాడు మచ్చిక చేసి పెట్టుకున్న పిట్ట దీమం. అచ్చమైన పాత తెలుగు మాట. ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ ఉర్దూ. కబూతర్, తీతర్, బటేర్ అన్నీ ఉర్దూలోనే అనేవాళ్లం. కానీ దీమాన్ని మాత్రం అబ్బా దీమం అనే అన్నాడు. ఆయన తండ్రీ అట్లాగే అన్నాడట. మా తెలుగు చూసి ఆశ్చర్యపోయే స్నేహితుల్ని ఒక్కటే అడగాలనిపిస్తుంది. ఈ మాట మీకు తెలుసా?

మాది అప్పటి పాలమూరు జిల్లాలో మెట్ట ఊరు. జొన్న, కంది, పల్లి, ఆముదం. ఊరి బయట ఒక పాత దిగుడు బావి. దాని రాళ్ల సందుల్లో నీలి పావురాలు గూళ్లు పెట్టేవి. పొద్దున్నే బావిలోంచి గుంపుగా లేచి చేల మీద పడేవి. విత్తనాలు వేసిన నాలుగు రోజులూ, కంకి గట్టిపడిన నెలా, కల్లం మీద గింజ ఉన్నన్నాళ్లూ వాటిదే రాజ్యం. మంచె మీద నిలబడి వడిసెలతో రాయి విసిరితే ఇక్కడ లేచి అక్కడ వాలేవి. డబ్బా కొడితే మొదటిరోజు బెదిరేవి. మూడో రోజుకి అలవాటు పడేవి.

అందుకని మా అబ్బాకి ఒక పని ఉండేది. ఆయుధాల చట్టంలో, 1959 నాటిది, పంట కాపలాకి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉంది. అబ్బాకి అట్లాంటి లైసెన్సు ఉండేది. మాకున్నది రెండెకరాలే. కాపలా మాత్రం ఊరందరి చేలకీ కాసేవాడు. 'సాయిబూ, పావురాలు పల్లి ఇత్తనం మొత్తం ఏరుకపోతున్నయి, జర రా' అని ఎవరో ఒకరు పొద్దుగూకంగనే గడపలో నిలబడేవాళ్లు.

దీమం పెట్టి పావురాల్ని దించడం చూసినంత తేలిక కాదు. ముందురోజు సాయంత్రమే వెళ్లి అవి ఏ దారిన వస్తున్నాయో, చేన్లో ఎక్కడ వాలుతున్నాయో చూసి రావాలి. తెల్లారకముందే వెళ్లి తంగేడు మండలతో మాటు కట్టుకోవాలి. పావురం వాలేటప్పుడు గాలికి ఎదురుగా వాలుతుంది. అందుకని గాలి మన వీపుకి తగిలేట్టు కూర్చుని దీమాన్ని ముందువైపు పాతికడుగుల దూరంలో కట్టాలి. దీమం కాలికి మెత్తటి గుడ్డపీలిక, దానికి దారం, దారం కొస అబ్బా చేతిలో. గుంపు ఆకాశంలో కనిపించగానే దారం కొంచెం లాగితే దీమం ఎగరబోయి, రెక్కలు కొట్టి మళ్లీ కూర్చునేది. పైనున్న పావురాలకి అది, ఇప్పుడే వచ్చి వాలిన తమ తోడుదిలా కనిపించేది. ఒకటి వంగిందంటే గుంపంతా వంగేది.

మొదట పడిన రెండు మూడింటిని కూడా నేలమీదే, గడ్డం కింద చిన్న పుల్ల గుచ్చి, మేస్తున్నట్టు నిలబెట్టేవాడు. వాటి మధ్యలో కొంత జాగా వదిలేవాడు. వచ్చే పిట్టకి వాలడానికి చోటు కనపడాలి కదా. మాటులో ఉన్నంతసేపూ ముఖం పైకెత్తకూడదు. ముఖం తెల్లగా మెరుస్తుంది. చెయ్యి కదపకూడదు. దగ్గు వస్తే రుమాలు నోట్లో కుక్కుకోవాలి. తుపాకీ ఒకసారి పేలిందంటే మళ్లీ మందు పోసి, పీచు దట్టించి, ఛర్రాలు పోసి, మళ్లీ దట్టించి, టోపీ పెట్టేసరికి గుంపు బావి చేరేది. అందుకే ఒక్కో దెబ్బకి గంట కూర్చునేవాళ్లం.

తెల్ల పావురం దీమంగా పనికిరాదు. అడవి పావురాలు దాన్ని నమ్మవు. మా దీమం బావిలోంచి పిల్లగా తెచ్చింది. అదే బూడిద నీలం, మెడ మీద అదే పచ్చ మెరుపు, రెక్క మీద అవే రెండు నల్ల పట్టీలు. తమలాంటిదే కాబట్టి నమ్మేవి.

ఇక కత్తి సంగతి. తుపాకీ దెబ్బకి అక్కడికక్కడే ప్రాణం పోయిన పిట్ట మాకు హలాల్ కాదు. హనఫీ ఉలేమాల్లో ఎక్కువమంది మాట ఇదే. అది దెబ్బ తగిలి చచ్చినదాంతో సమానం. ప్రాణం ఉండగా అందుకుని, అల్లా పేరు చెప్పి జబా చేస్తేనే తినాలి. కాబట్టి తుపాకీ పేలగానే మేం అన్నదమ్ములం కత్తి తీసుకుని పరుగెత్తేవాళ్లం. కత్తి ఎట్లా పట్టుకోవాలో అబ్బా నేర్పింది అక్కడే. మొద్దు కత్తితో కోయడం గునా. పిట్ట కళ్ల ముందు కత్తి నూరకూడదు. ఒక పిట్ట చూస్తుండగా ఇంకో పిట్టని కోయకూడదు. తినడానికి కాకుండా ఊరికే చంపిన పిచ్చుక కూడా ఖయామత్ నాడు ఫిర్యాదు చేస్తుందని చెప్పేవాడు. మేం ఆ పిచ్చుకకి నిజంగా భయపడేవాళ్లం.

మరి అప్పటికే ప్రాణం పోయినవి? అవి పక్క చేను పెద్దనాయన ఇంటికి పోయేవి. ఆయన కాపు. మా అబ్బాని 'తమ్మీ' అనేవాడు. మేం ఆయన్ని పెద్దనాయనా అనేవాళ్లం. ప్రాణం ఉన్నవి మా పొయ్యి మీదికి, పోయినవి వాళ్ల పొయ్యి మీదికి. ఎవరికెన్ని అని పంచాయితీ పెట్టుకోలేదు. ఒక్కోరోజు వాళ్లకే ఎక్కువ వచ్చేవి. 'ఇయ్యాల మీ అల్లా నా దిక్కున్నడు తమ్మీ' అని పెద్దనాయన నవ్వేవాడు. ఊళ్లో ఎవరికి పక్షవాతం వచ్చినా అడవి పావురం వేడి చేస్తుందని, మాంసం కోసం మా ఇంటికే వచ్చేవాళ్లు. అది మందు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం గిన్నె పట్టుకుని మా గడపలో నిలబడ్డవాళ్లలో తురకల కూడు అన్నవాళ్లు లేరు.

వేట అనగానే పట్నంలో చదువుకున్నవాళ్లకి నవాబులు గుర్తొస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చచ్చిన పులుల పక్కన నిలబడ్డ ఫొటోలు, రాజా దీన్ దయాళ్ తీసినవి, పుస్తకాల్లో చూసి ఉంటారు. 'మీకేమయ్యా, షికార్లు చేసిన వంశం' అని మమ్మల్ని ఆటపట్టిస్తారు. ఆ ఫొటోల్లో గుర్రం మీద ఉన్నవాళ్లు మావాళ్లు కాదు. అంచున, సగం తెగిపోయిన చోట, కర్ర పట్టుకుని చెప్పుల్లేకుండా నిలబడ్డవాళ్లు ఉంటారే, వాళ్లు మావాళ్లు. మా దాదా ఒక జాగీర్దారు వేటకి నల్లమలలో హాకా కొట్టినవాడు. తప్పెట్లు కొడుతూ, అరుస్తూ, మృగాన్ని దొరగారి తుపాకీ ముందుకి తోలడం ఆయన పని. మృగం తిరగబడితే ముందు పోయేది హాకా కొట్టేవాడే. ఆ పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ చెంచు, మాదిగ, మా దాదా, ముగ్గురికీ దక్కిన కూలి ఒకటే. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దొరతనం ఉన్నప్పుడు మాకు వాటా లేదు. పోయాక మాత్రం దాని పాపంలో వాటా మా పేరున రాశారు.

దాదాకి ఒక నాటు బందూకు ఉండేది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయినప్పుడు, తుపాకీ ఉన్న సాయిబు ఇల్లంటే రజాకార్ ఇల్లని అనుకుంటారన్న భయంతో రాత్రికి రాత్రి తనే తీసుకెళ్లి దిగుడు బావిలో పడేశాడు. రజాకార్లకి ఆయన ఒక్క పూట అన్నం కూడా పెట్టలేదు. పెట్టడానికి ఆయనకే లేదు. అబ్బా చిన్నప్పుడు ఈ కథ విన్నాడు. అయినా పెద్దయ్యాక లైసెన్సు తీసుకున్నాడు. 'అప్పుడు రాజ్యం వేరు, ఇప్పుడు మనకి కాగితం ఉంది' అనేవాడు. ఆ కాగితాన్ని ఖురాన్ పెట్టిన గూటికి కింది అరలో దాచాడు.

1992 డిసెంబర్ 6న అయోధ్యలో మసీదు కూల్చారు. మా ఊళ్లో ఏమీ జరగలేదు. రేడియోలో విన్నాం. అబ్బా రెండు రోజులు బయటికి పోలేదు. నాలుగో రోజు జీపు వచ్చింది. లైసెన్సు చూపించమన్నారు. చూపించాం. తుపాకీ ఇమ్మన్నారు. ఇచ్చాం. 'ఇంకెన్ని ఉన్నాయి?' అన్నారు. మందు డబ్బా, ఛర్రాల సంచీ, చివరికి మేం పరుగెత్తేటప్పుడు పట్టుకున్న కత్తి కూడా తీసుకున్నారు. కత్తికి రసీదు ఇవ్వలేదు.

ఊళ్లో తుపాకీ లైసెన్సులు నాలుగు. మిగతా మూడిళ్ల ముందు జీపు ఆగలేదు. అందులో ఒకటి పెద్దనాయన ఇల్లు. జీపు మా వాకిట్లో ఉన్నంతసేపూ ఆయన తన అరుగు మీదే నిలబడి చూశాడు. వచ్చి ఒక్క మాట చెప్పలేదు. ఈయన నాకు తెలుసు, ఇరవై ఏండ్లు నా చేను కాసిండు అంటే సరిపోయేది. అనలేదు. చీకటి పడ్డాక వచ్చాడు. 'ఏం జెయ్యాలె తమ్మీ, కాలం గట్లున్నది' అన్నాడు. అబ్బా ఆయనకి చాయ్ పోయించాడు. పంటల గురించి మాట్లాడి పంపించాడు. మేం లోపలి గదిలోంచి బయటికి రాలేదు. ఆ రాత్రి అబ్బా మీద కోపం వచ్చినంతగా జీపులో వచ్చినవాళ్ల మీద కూడా రాలేదు.

అల్లర్లు జరగడం అంటే కత్తిపోట్లు, మంటలు, కర్ఫ్యూ. అవి పేపర్లో వస్తాయి. ఏమీ జరగని ఊళ్లో జరిగింది పేపర్లో రాదు. మాకు జరిగింది ఇంతే. ఒక రసీదు ఇచ్చారు. తుపాకీ తిరిగి రాలేదు. అబ్బా నాలుగు సార్లు తిరిగి మానుకున్నాడు. లైసెన్సు గడువు తీరింది. మరుసటేడు పల్లి విత్తనం వేసినప్పుడు పావురాలు యథాప్రకారం దిగాయి. పెద్దనాయన గడపలో నిలబడి 'దీమం ఉన్నది గదా తమ్మీ' అన్నాడు. 'దీమం ఉంది అన్నా, బందూకే లేదు' అన్నాడు అబ్బా. నీ తుపాకీ ఉంది కదా అని ఈయన అనలేదు. తెస్తానని ఆయనా అనలేదు. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కడం తగ్గింది. ఆయన సిగ్గుపడ్డాడని అబ్బా, భయపడ్డాడని మేం. ఇప్పుడు ఆలోచిస్తే రెండూ నిజమేననిపిస్తుంది.

దీమం మాత్రం ఉండిపోయింది. దాన్ని సాకింది మా ఆపా. పొద్దున గింజలు, మధ్యాహ్నం నీళ్లు, రాత్రి పిల్లి రాకుండా గంప మీద రాయి. ఈకలు పీకింది అమ్మీ, ఆపా. సాలన్ వండింది వాళ్లు. కానీ మాటులో ఒక్కసారైనా కూర్చోబెట్టమని ఆపా ఎన్నిసార్లు అడిగినా ఆడపిల్లకి చేలో పనేంటని మేమే వెనక్కి పంపాం. మాకు జరిగిన అన్యాయం లెక్క రాసేటప్పుడు మేం చేసినదీ ఆ పక్కనే రాయాలి. పావురాన్ని కట్టిన దారం అబ్బా చేతిలో ఉండేది. ఆపాని కట్టిన దారం మా అందరి చేతుల్లోనూ ఉండేది.

ఆ తర్వాత ఎన్నికలు వచ్చాయి. అన్ని పార్టీల వాళ్లూ వచ్చారు. ప్రతి గుంపు ముందూ మాలాంటి ఒకడు, గడ్డం, టోపీ, మెడలో కండువా. 'అస్సలాము అలైకుం' అనేది అతనే. ఓట్లడిగేది వెనకున్నవాళ్లు. రంజాన్‌లో ఇఫ్తార్ విందులు పెట్టారు. ఆ ముందున్నవాడికి ఖర్జూరం పెడుతూ ఫొటోలు దిగారు. అబ్బా అరుగు మీద కూర్చుని చూసి చూసి అన్నాడు: 'దీమం కు దానా భోత్ డాల్తే బేటా, ఉడ్‌నే నై దేతే.' దీమానికి గింజలు దండిగానే వేస్తారు, ఎగరనివ్వరు అని. ఆయన రాజకీయాలు చదువుకోలేదు. దీమాన్ని పెంచినవాడు అంతే.

ఈ మాట మా సెక్యులర్ మిత్రులకి కూడా చెప్పాలి. కోపం తెచ్చుకోకండి. మత సామరస్య సభ పెడితే మాలో ఒకణ్ని వేదిక మీద కూర్చోబెడతారు. ఎక్కడో బాంబు పేలితే మొదట మైకు మాకే ఇస్తారు, ఖండించమని. ఖండిస్తాం. మా కడుపు మండే ఖండిస్తాం. కానీ మా ఊరి బడి గురించి, మా ఆపా చదువు గురించి, అద్దె ఇల్లు దొరకని సంగతి గురించి మాట్లాడబోతే టైమ్ అయిపోయిందని చీటీ వస్తుంది. గుడి గోపురం మీదా మసీదు మినార్ మీదా వాలే పావురం గురించి మీ కవులు ఎన్ని కవితలు రాశారో. ఆ పావురానికి పేరు లేదు కాబట్టి రెండు చోట్లా వాలగలుగుతోంది. మాకు పేరుంది.

మేం పిట్టల్ని చంపడం మంచిదే అని వాదించడానికి ఇది రాయడం లేదు. 1972 వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూల్లో కౌజులు, పూరేళ్లు, గువ్వలు అన్నిటినీ చేర్చి, పావురాల్లో ఈ నీలి పావురాన్ని ఒక్కదాన్నే మినహాయించింది. 1991 సవరణతో వేట లైసెన్సులే పోయాయి. 2022లో షెడ్యూళ్లన్నీ తిరగరాశారు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ పిట్టని కొట్టరు, కొట్టాలనీ లేదు. ఇంగ్లండులో ఈనాటికీ రైతుల పొలాల మీద ప్లాస్టిక్ దీమాలు పరిచి అడవి పావురాల్ని కాలుస్తారు. దాన్ని అక్కడ పంట కాపలా అంటారు. ఎవరి మతమూ అందులోకి రాదు. మా అబ్బా చేసిందీ పంట కాపలానే. ఆ మాట ఆయన లైసెన్సు మీద కూడా ఉంది.

హైదరాబాద్ వచ్చిన కొత్తలో అబ్బాని మక్కా మసీదుకి తీసుకెళ్లాం. ఆ వాకిట్లో పావురాలు వేలకొద్దీ. జనం గింజలు కొని చల్లుతున్నారు. హజ్‌కి పోయినవాళ్లు హరంలో పావురాన్ని ముట్టకూడదు. ఇక్కడ అట్లాంటి నియమం లేకపోయినా ఎవరూ ముట్టరు. అబ్బా ఒక దోసెడు జొన్నలు కొని కింద కూర్చున్నాడు. పావురాలు ఆయన మోకాళ్ల మీదకెక్కాయి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 'ఇవి గాలి చూసుకోకుండానే వాలుతున్నాయి' అన్నాడు చివరికి. భయం లేని పిట్టని ఆయన అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి. 2007 మే 18న, శుక్రవారం నమాజ్ వేళ, అదే మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పట్టుకుపోయింది మన పిల్లల్నే. అప్పటికి అబ్బా లేడు. లేకపోవడమే మంచిదైంది.

ఇప్పుడు మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో పావురాల వలలు కడతాడు. అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోకి పావురాలు రాకుండా నైలాన్ వల కట్టే పని. పదో అంతస్తులో నడుముకి తాడు కట్టుకుని బయటికి వేలాడి కొక్కేలు బిగిస్తాడు. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయాలి. రాశాక కాపలాదారు ఒకసారి పేరు చూసి, ఒకసారి వాడి ముఖం చూసి, పైకి ఫోన్ చేస్తాడు. మిగతా పనివాళ్ల పేర్లకి ఆ ఫోన్ ఉండదట. మొన్న ఒక ఇంట్లో పెద్దావిడ అడిగిందట, 'పట్టుకుపోయి కోసుకుంటారా బాబూ వాటిని?' అని. 'లేదమ్మా, రాకుండా వల కడతా అంతే' అన్నాడట వీడు. డబ్బులిచ్చేటప్పుడు ఆవిడ మంచినీళ్లు కూడా ఇచ్చింది. చెడ్డ మనిషేం కాదని వాడే చెప్పాడు.

అదే అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ ఖాళీగా ఉంటే, పని చేసే చోటికి దగ్గరని అద్దెకి అడిగాడు. ముందు సరేనన్నారు. పేరు విన్నాక, ఎవరికో మాటిచ్చేశాం అన్నారు. వాడు ఆ మాటా నవ్వుతూనే చెప్పాడు. మా అబ్బా చాయ్ పోయించినప్పుడు నవ్విన నవ్వే అది. మాకు అప్పటి కోపమే మళ్లీ వచ్చింది. ఈసారి మాత్రం లోపలి గదిలో కూర్చోలేదు. ఇదిగో, రాస్తున్నాం.

కత్తి పట్టుడు నేర్పారా అని అడిగారు కదా. నేర్పారు. నూరి పెట్టుకోమనీ, పిట్ట కళ్ల ముందు చూపించొద్దనీ, ఆకలికి తప్ప తీయొద్దనీ నేర్పారు. ఆ కత్తి మా దగ్గర లేదు. దానికి రసీదు కూడా లేదు.